వర్టస్, టైగన్: ఇంజిన్ ఒకటే, ప్లాట్‌ఫాం ఒకటే. నడపడంలో తేడా ఎక్కడ్నుంచి వస్తోంది?

కృష్ణాతీరం:
కాంపాక్ట్ ఎస్‌యూవీ గొప్పదా, సెడాన్ గొప్పదా అని మొదలైన ప్రతి చర్చా పదో పోస్టుకే దారి తప్పుతోంది. ఒకరు క్రెటా తెస్తారు, ఇంకొకరు డిజైర్ తెస్తారు. ఇంజిన్ వేరు, బరువు వేరు, ధర వేరు. అలాంటప్పుడు తేడా బండి ఆకారం వల్ల వచ్చిందో, ఇంజిన్ వల్ల వచ్చిందో ఎవరు తేల్చగలరు?

అందుకని ఒక్క జతతోనే మాట్లాడుకుందాం. ఫోక్స్‌వాగన్ టైగన్ 2021లో వచ్చింది, వర్టస్ 2022లో. రెండూ ఎంక్యూబీ ఏ0 ఇన్ అనే ఒకే ప్లాట్‌ఫాం (బండి కింది నిర్మాణం) మీదివే. 1.0 టీఎస్‌ఐ, 1.5 టీఎస్‌ఐ టర్బో పెట్రోల్ ఇంజిన్లు రెండిటికీ ఉన్నాయి. సస్పెన్షన్ కూడా ఒకే రకం: ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్, వెనక ట్విస్ట్ బీమ్. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) రెండిటికీ 2651 మి.మీ. తేడా అంతా పైన ఉంది: వర్టస్ పొడవు 4561, ఎత్తు 1507, టైగన్ పొడవు 4221, ఎత్తు 1612. గ్రౌండ్ క్లియరెన్స్ (బండి కింది భాగానికీ నేలకీ మధ్య ఖాళీ) బరువు లేనప్పుడు వర్టస్‌కి 179, టైగన్‌కి 188.

"ఎస్‌యూవీ సెడాన్‌లా నడవదు" అనే మాట ఈ జతలో ఎంతవరకు నిలుస్తుంది? ఏ రోడ్డు మీద, ఎంత వేగంలో, ఎందుకు అని చెప్పండి. మైలేజీ, రీసేల్ ఈ చర్చలోకి వద్దు.

టార్క్‌రెంచ్:
హైవే మీద నూటికి నూరు పాళ్లూ నిలుస్తుంది. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద 100 దాటాక లేన్ మారి చూడండి. లేన్ మారడమంటే స్టీరింగ్ ఒక పక్కకి తిప్పి వెంటనే రెండో పక్కకి తెచ్చి సరిచేయడం. మొదటి మలుపుకి బాడీ ఒక వైపు ఒరుగుతుంది. అది కుదురుకునేలోపే రెండో మలుపు దాన్ని అవతలి వైపు లాగుతుంది. సెడాన్‌లో ఒరుగు తక్కువ కాబట్టి రెండో కదలిక మొదలయ్యేసరికే బండి సర్దుకుని ఉంటుంది. ఎస్‌యూవీలో ఆ రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. స్టీరింగ్ ఇంకాస్త సరిచేయాల్సి వస్తుంది. మన చేతికి "తేలుతున్నట్టు" అనిపించేది అదే.

ఇంకోటి గాలి. వెడల్పుని ఎత్తుతో గుణించి చూస్తే టైగన్ ముందు భాగం వర్టస్ కంటే సుమారు 7 శాతం పెద్దది. వేగం 100 నుంచి 120కి పెరిగితే గాలి నిరోధం 1.44 రెట్లవుతుంది. తక్కువ వేగంలో కనిపించని ఆ 7 శాతం అక్కడ తెలుస్తుంది: యాక్సిలరేటర్ వదలగానే వేగం తొందరగా పడిపోతుంది, అద్దాల దగ్గర గాలి రొద ఎక్కువ, ఎన్‌హెచ్ 16 మీద సముద్రం గాలి పక్కనుంచి కొట్టినప్పుడు స్టీరింగ్ గట్టిగా పట్టుకోవాలి.

గోదారిగట్టు:
టార్క్‌రెంచ్ గారూ, ఎత్తు ప్రభావం ఉందని ఒప్పుకుంటానండీ. కానీ ఎంత? లెక్క వేద్దాం.

మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి మారే బరువు ఇలా వస్తుంది: బండి బరువుని పక్క త్వరణంతోనూ గురుత్వ కేంద్రం ఎత్తుతోనూ గుణించి, చక్రాల మధ్య వెడల్పుతో భాగించాలి. ఉదాహరణకి బండి 1300 కిలోలు, పక్క త్వరణం 0.4 జీ, అంటే గురుత్వ త్వరణంలో 0.4 వంతు (మామూలు డ్రైవర్ ఇంతకంటే గట్టిగా తిప్పడు), వెడల్పు 1.51 మీటర్లు అనుకుందాం. కేంద్రం 54 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే 186 కిలోలు మారతాయి. 59 సెంటీమీటర్లయితే 203. తేడా 17 కిలోలు. డిక్కీలో ఒక సూట్‌కేసు అంత. దీనికి "బండి స్వభావమే మారిపోయింది" అనడం అతి కాదంటారా?

నన్నడిగితే చేతికి తెలిసే తేడాలో సగం టైర్లదే. ఎస్‌యూవీ టైరు పక్కగోడ ఎత్తుగా ఉంటుంది, మెత్తగా వంగుతుంది, స్టీరింగ్‌కి ముక్కు తిరగడం ఒక క్షణం ఆలస్యమవుతుంది.

బుష్‌కిట్:
గోదారిగట్టు గారి లెక్క సరైందే. టైరు సంగతి మాత్రం వేరియంట్‌ని బట్టి మారుతుంది, అక్కడ తొందరపడ్డారు.

వర్టస్‌కి 205/55 ఆర్16 (వెడల్పు 205 మి.మీ., పక్కగోడ అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు). పక్కగోడ 113 మి.మీ., మొత్తం వ్యాసం 632. టైగన్ కింది వేరియంట్లకి 205/60 ఆర్16. పక్కగోడ 123, వ్యాసం 652. వీటిని పోల్చినప్పుడు మీ మాట నిజం. టైగన్ పై వేరియంట్లకి 205/55 ఆర్17. పక్కగోడ మళ్లీ అదే 113! వ్యాసం 657. అంటే పై వేరియంట్ నడిపి "టైరు మెత్తన" అనడానికి వీల్లేదు. అక్కడ తెలిసేది ఎత్తు, సస్పెన్షన్ మాత్రమే.

ఈ టైరు లెక్కలో ఇంకో సంగతి ఉంది. వ్యాసం 25 మి.మీ. పెరిగితే బండి అందులో సగం, 12.5 మి.మీ. పైకి లేస్తుంది. రెండు బండ్ల గ్రౌండ్ క్లియరెన్స్ తేడా 9 మి.మీ. కాబట్టి ఈ జతలో కంపెనీ చెప్పే ఆ "ఎత్తు" దాదాపు మొత్తం చక్రానిదే. గేరింగ్ మీదా ప్రభావం ఉంటుంది. ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్సు నుంచి చక్రాలకి వెళ్లే చివరి గేరు) నిష్పత్తి ఒకటే అయితే, చక్రం 4 శాతం పెద్దదైనప్పుడు రోడ్డు దగ్గర లాగే బలం 4 శాతం తగ్గుతుంది. 1.0 టీఎస్‌ఐలో టర్బో అందుకోక ముందు, 1800 ఆర్‌పీఎం కింద, ట్రాఫిక్‌లో రెండో గేరులో పాకేటప్పుడు ఆ తగ్గుదల తెలుస్తుంది. 1.5లో పట్టించుకోనక్కర్లేదు.

17 కిలోలకే ఇంత తేడా ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకి జవాబు స్టెబిలైజర్ బార్‌లో ఉంది. ఎత్తు పెరిగితే ఒరుగు పెరుగుతుంది. దాన్ని ఆపడానికి ఇంజనీర్లు స్ప్రింగులు, స్టెబిలైజర్ గట్టిగా పెడతారు. స్టెబిలైజర్ ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలుపుతుంది. అది గట్టిదైతే ఎడమ చక్రం ఒక్కటీ గుంతలో పడ్డా కుదుపు కుడి వైపుకీ పాకి బాడీ మొత్తం పక్కకి ఊగుతుంది. పైగా ఎత్తులో కూర్చున్నాం, తల ఇంకా ఎక్కువ దూరం కదులుతుంది. పంచాయతీ రోడ్డు మీద ఒక పక్క మాత్రమే తారు లేచిపోయిన చోట 30లో వెళ్లి చూడండి. ఎస్‌యూవీలో తల ఎడమకీ కుడికీ కొట్టుకుంటుంది. సెడాన్‌లో కుదుపు కింద నుంచి పైకి వస్తుంది, పక్కలకి తక్కువ. "గతుకుల రోడ్డుకి ఎస్‌యూవీ హాయి" అని అందరూ అనేస్తారు గానీ, హాయి వేరు, కింద తగలకుండా బయటపడటం వేరు.

ఓరుగల్లు:
బుష్‌కిట్ అన్నా, తగలకుండ బయటపడుడే మాకు ముఖ్యం. వానకాలంల నల్లరేగడి మీద ట్రాక్టర్లు తొక్కిన బాటల ట్రాలీ చక్రాల గాడి లోతుగ దిగుతది, నడుమ మట్టి కట్టలెక్క లేస్తది. అక్కడ లేన్ మారుడు ఎవరికి కావాలె?

అయితే ఈ జతల ఎస్‌యూవీకి లాభం మీరు అనుకున్నంత లేదని నేనే చెప్తున్న. వీల్‌బేస్, క్లియరెన్స్ పెట్టి నడుమ కోణం (నడుమ తగలకుండ ఎంత నిటారు కట్ట దాటొచ్చో చెప్పేది) లెక్క కట్టిన: వర్టస్‌కు 15.4 డిగ్రీలు, టైగన్‌కు 16.1. ఒక్క డిగ్రీ కూడ లేదు. నిజమైన తేడా ముందుకు, వెనుకకు పొడుచుకొచ్చిన భాగంల ఉన్నది. పొడవుల నుంచి వీల్‌బేస్ తీసేస్తే వర్టస్‌కు 1910 మి.మీ., టైగన్‌కు 1570. అంటే 340 మి.మీ. అదనం, ఎక్కువ భాగం డిక్కీ దిక్కే. కాలువ దాటి రోడ్డెక్కేటప్పుడు సెడాన్ వెనుక బంపర్ రాసుకునేది అందుకే.

ఎస్‌యూవీ ఎత్తు నిజంగ కావాలంటే హోండా జత చూడుండ్రి. సిటీకి 165, దాని ప్లాట్‌ఫాం మీదనే వచ్చిన ఎలివేట్‌కు 220. నడుమ కోణం 14.5 నుంచి 18.9కు పోతది. అది పనికొచ్చే తేడా. టైగన్ అట్ల గాదు, సెడాన్‌నే కొంచెం లేపి పొట్టి చేసినట్టుంటది. కాబట్టి ఈ ఒక్క జత చూసి "ఎస్‌యూవీలన్నీ ఇంతే" అనకుండ్రి.

కృష్ణాతీరం:
ఓరుగల్లు గారూ, మంచి పాయింట్. మరి స్పీడ్ బ్రేకర్ల మాటేమిటి? సెడాన్ వద్దనేవాళ్లు మొదట చెప్పేది అదే కదా.

బుష్‌కిట్:
స్పీడ్ బ్రేకర్ ఎలా కట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఐఆర్‌సీ 99 ప్రకారం కట్టిన గుట్ట 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపు. దాని వెడల్పు మన వీల్‌బేస్ కంటే ఎక్కువ. నాలుగు చక్రాలూ గుట్ట మీదే ఉన్నప్పుడు నడుమ కింద పైకి వచ్చేది కేవలం 52 మి.మీ. ఏ సెడానూ తగలదు, ఐదుగురు కూర్చున్నా.

కాలనీ వాళ్లు సొంతంగా సిమెంటుతో పోసిన గుట్టలే అసలు సమస్య. అడుగు, అడుగున్నర వెడల్పు, 150 మి.మీ. ఎత్తు. చక్రాలు రెండు పక్కలా కిందికి దిగిపోయాక ఆ 150 మొత్తం నడుమకి ఎదురవుతుంది. నిండు బరువుకి నడుమ 30 మి.మీ. కుంగిందనుకోండి, వర్టస్‌కి మిగిలేది 149, టైగన్‌కి 158. ఒకటి రాసుకుంటుంది, ఒకటి గట్టెక్కుతుంది. ఆ 9 మి.మీ. పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే.

దాటే పద్ధతి: గుట్టకి ముందే వేగం తగ్గించి, ముందు చక్రం ఎక్కేలోపు బ్రేకు పూర్తిగా వదిలేయాలి. బ్రేకు మీద కాలుంటే ముక్కు కిందికి దిగి ఉంటుంది, కింద తగలడానికి సగం కారణం అదే. రోడ్డు ఖాళీగా ఉంటే కొంచెం ఏటవాలుగా ఎక్కించండి. చక్రాలు ఒక్కొక్కటిగా ఎక్కుతాయి, నడుమ ఎప్పుడూ ఏదో ఒక చక్రం ఎత్తు మీద ఆనుకుని ఉంటుంది.

నల్లమల దారి:
ఘాట్ల గురించి ఎవరూ ఎత్తలేదు. తిరుమల నుంచి దిగే దారిలో కనీసం 40 నిమిషాలు పట్టాలని నిబంధన. సుమారు 18 కిలోమీటర్ల దారికి సగటు 27 దాటదు. ఆ వేగంలో రెండు బండ్ల పట్టులో తేడా బయటికి రాదు. శ్రీశైలం దారి అడవిలోనూ అంతే, నింపాదిగా పోవాల్సిన రోడ్డు. అనంతగిరి మీదుగా అరకు వెళ్లే ఘాట్‌లో మాత్రం తెలుస్తుంది. డ్రైవర్ కంటే ముందు వెనక సీటు వాళ్లకి. కుడికీ ఎడమకీ వెంటవెంటనే వచ్చే మలుపుల్లో ఎస్‌యూవీ ఒరిగి, తేరుకుని, మళ్లీ ఒరగడం వల్లే పిల్లలకి కడుపులో తిప్పుతుంది.

ఎస్‌యూవీలో దీన్ని చాలావరకు తగ్గించవచ్చు. బ్రేకు మలుపుకి ముందే అయిపోవాలి. స్టీరింగ్ ఒక్కసారే, నెమ్మదిగా తిప్పి అక్కడే నిలపాలి, మధ్యలో సవరించకూడదు. దిగేటప్పుడు ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో రెండో గేరు. ఇంకో మాట: ఎత్తులో కూర్చుంటే రోడ్డు నెమ్మదిగా కదులుతున్నట్టు అనిపిస్తుంది. మలుపులోకి మనం అనుకున్నదానికంటే 5, 10 కిలోమీటర్లు ఎక్కువతో దిగుతాం. మీటరు చూసే అలవాటు చేసుకోవాలి. ఎస్‌యూవీ మీద నాకున్న పెద్ద అభ్యంతరం ఒరుగు కాదు, ఈ భ్రమ.

గోదారిగట్టు:
నల్లమల దారి గారూ, ఆ ఎత్తే హైవే ట్రాఫిక్‌లో ప్రాణం కాపాడుతుందండీ. ఎన్‌హెచ్ 65 మీద ముందున్న కారు పైనుంచి దాని ముందు బండి బ్రేకు లైటు కనిపిస్తుంది. సెడాన్‌లో ఆ సమాచారం ఒక బండి ఆలస్యంగా అందుతుంది. "నడపడంలో తేడా" అంటే స్టీరింగ్ ఒక్కటేనా? ఈ ఒక్క విషయంలో నేను వెనక్కి తగ్గను.

సెడాన్ కొన్నాక క్లియరెన్స్ కోసం 215/60 ఆర్16 వేయించుకుందామనుకునే వాళ్ల కోసం ఎవరైనా ఒక మాట చెప్పండి. టైరు షాపుల్లో దీన్ని తెగ చెబుతున్నారు.

బుష్‌కిట్:
వద్దు. వ్యాసం 664 అవుతుంది, బండి 16 మి.మీ. లేస్తుంది, నిజమే. కానీ స్పీడోమీటర్ పాత చక్రం లెక్కతో 100 చూపిస్తున్నప్పుడు బండి 105లో పోతుంటుంది. పక్కగోడ 129 అవుతుంది. మీరు సెడాన్ కొన్నదే స్టీరింగ్ చురుకు కోసం, దాన్ని మీ చేత్తోనే పోగొట్టుకుంటారు. నిండు బరువుతో పూర్తిగా తిప్పినప్పుడు చక్రం లోపలి లైనింగ్‌కి రాసుకోవచ్చు కూడా. స్ప్రింగు మధ్యలో ఇరికించే రబ్బరు బఫర్లు కూడా అంతే. స్ప్రింగు గట్టిపడుతుంది, షాకబ్జార్బర్ మాత్రం పాతదే. గుంత దాటాక బండి వెనక్కి ఎగిరి తంతుంది.

టార్క్‌రెంచ్:
షోరూం వాళ్లు తిప్పే రెండు కిలోమీటర్ల రౌండుతో ఇవేవీ తెలియవు. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లేవాళ్లు మొదట టైర్లలో గాలి చూపించుకోండి. చాలా డెమో బండ్లలో 38, 40 పీఎస్ఐ ఉంటుంది. డ్రైవర్ తలుపు దగ్గరో పెట్రోల్ మూత లోపలో ఉన్న స్టిక్కర్ ప్రకారం, టైరు చల్లగా ఉండగా దించమనండి. రెండు బండ్లకీ ఒకే రోడ్డు, ఒకే మనుషులు. హైదరాబాద్‌లో అయితే మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే బాగుంటుంది. దాని జాయింట్ల మీద సస్పెన్షన్ శబ్దం, రెండో కుదుపు వస్తోందా లేదా అన్నది తేటతెల్లమవుతుంది. స్టీరింగ్ బరువుని లెక్కలోకి తీసుకోవద్దు, ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌లో దాన్ని సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. స్టీరింగ్ తిప్పాక ముక్కు ఎంత ఆలస్యంగా కదిలిందన్నదే చూడండి. ఇంటి పెద్దవాళ్లని వెనక కూర్చోబెట్టి, ఒక పక్క మాత్రమే పాడైన రోడ్డు మీద 30లో ఒకసారి తీసుకెళ్లండి. తల ఊగుతోందో లేదో వాళ్లే చెబుతారు.