కాల్మోడ్యులిన్ లోపలి కదలికలు: అనైసోట్రోపీ ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని, బెంగళూరు):
అందరికీ నమస్కారం. కాల్షియాన్ని పట్టుకొనే ప్రోటీన్ అయిన కాల్మోడ్యులిన్‌లో ట్రిప్టోఫాన్ (బాగా వెలిగే అమైనో ఆమ్లం) లేనందున, వెలుగునిచ్చే మరో అమైనో ఆమ్లమైన టైరోసిన్‌నే 280 నానోమీటర్ల కాంతితో ఉత్తేజపరచి, కాల్షియం ఉన్నప్పుడూ, ఈజీటీఏ (కాల్షియాన్ని లాగేసుకొనే రసాయనం) కలిపినప్పుడూ స్థిరస్థితి అనైసోట్రోపీని (వెలువడే కాంతి ధ్రువణం సగటున ఎంత నిలిచిందో చెప్పే కొలత; అణువు త్వరగా తిరిగితే తగ్గుతుంది) కొలిచాను. రెండు విలువలకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాల్షియం చేరినా ఈ ప్రోటీన్ బిగుసుకోదని దీన్నిబట్టి రాయవచ్చునా?

జవాబు 1:
రాయకూడదండీ. స్థిరస్థితి అనైసోట్రోపీ అణువు తిరిగే వేగం మీదనే కాక, ఫ్లోరోసెన్స్ జీవితకాలం (ఉత్తేజితమైన అణువు ఆ స్థితిలో ఉండే సగటు సమయం) మీద కూడా ఆధారపడుతుంది. కాల్షియం చేరినప్పుడు ఈ ప్రోటీన్‌లో టైరోసిన్ కాంతి బాగా పెరుగుతుంది. దానితోపాటు జీవితకాలమూ పెరిగితే, కదలిక ఏమాత్రం మారకపోయినా అనైసోట్రోపీ తగ్గాలి. కాబట్టి మీ విలువ మారలేదంటే, ఒకదానినొకటి రద్దు చేసుకొనే రెండు మార్పులు అందులో దాగి ఉండవచ్చు. పల్స్ లేజర్‌తో అనైసోట్రోపీ క్షయాన్ని నానోసెకన్ల స్థాయిలో కొలిస్తే, మొత్తం ప్రోటీన్ దొర్లే నెమ్మది భాగమూ, టైరోసిన్ పార్శ్వగొలుసు ఊగే వేగవంతమైన భాగమూ విడివిడిగా తేలతాయి. ఆ వేగవంతమైన భాగం పరిమాణమే మీ ప్రశ్నకు అసలు జవాబు.

జవాబు 2:
పై మాటకు ఒకటి చేర్చాలి. వెన్నెముక జీవుల కాల్మోడ్యులిన్‌లోని రెండు టైరోసిన్‌లూ, 99, 138 స్థానాల్లో, సి-చివరి భాగంలోనే (ప్రోటీన్ గొలుసు తుది వైపు సగం) ఉన్నాయి. ఎన్-చివరి భాగం (మొదటి వైపు సగం) గురించి మీ కొలత ఏమీ చెప్పదు. రెండు భాగాలనూ కలిపే మధ్య హెలిక్స్ (స్ప్రింగులా మెలితిరిగిన గొలుసు భాగం) 1985లో వచ్చిన స్ఫటిక నిర్మాణంలో నిటారుగా కనిపించినా, 1992 నాటి ఎన్ఎంఆర్ (అణువులను అయస్కాంత క్షేత్రంలో పరిశీలించే పద్ధతి) అధ్యయనం అది ద్రావణంలో 80వ స్థానం దగ్గర వంగగలదని చూపింది. దాన్ని పట్టాలంటే 34, 110 స్థానాల్లో రంజకం అతికే అమైనో ఆమ్లమైన సిస్టీన్‌లు పెట్టి, రెండు రంజకాలు అతికించి, వాటి మధ్య దూరాన్నిబట్టి మారే శక్తి బదిలీని కొలవడం మేలు. అయితే రంజకం తన గొలుసు మీద తానే ఊగుతుంది, ఆ ఊపును ప్రోటీన్‌కు అంటగట్టకండి.

ప్రశ్నించినవారు:
కృతజ్ఞతలు. అక్రిలమైడ్‌తో క్వెంచింగ్ (ఫ్లోరోసెన్స్ కాంతిని ఆర్పడం) చేయడం ఉపయోగమా?

జవాబు 1:
చేయండి. కానీ అది టైరోసిన్ ద్రావణానికి ఎంత అందుబాటులో ఉందో చెబుతుంది. జీవితకాలం తెలియకుండా దాన్నీ పోల్చలేము. అంతకుముందు మీ బఫర్‌లో కాల్షియం లేదని నిర్ధారించుకోండి. మన ఊరి బోరు నీటిలో కాల్షియం ఉంటుందని తెలిసిందే, శుద్ధి చేసిన నీరు కూడా గాజు సీసాలో ఉంటే కాల్షియం పట్టుకుంటుంది. బఫర్‌ను కాల్షియం వంటి లోహ అయాన్లను పట్టుకొనే కెలెక్స్ రెజిన్ మీదుగా పోనిచ్చి, ప్లాస్టిక్ సీసాలో దాచండి.