రేషన్ బియ్యంలో తేలే గింజలు మా బాబుకు పెట్టవచ్చా?

అందరికీ నమస్కారం. మా అత్తయ్య రోజూ రేషన్ బియ్యం చేటలో పోసుకుని, రంగు తేడాగా, నున్నగా ఉన్న గింజలను ఒక్కొక్కటే ఏరి పారేస్తున్నారు. కడిగేటప్పుడు కొన్ని నీళ్ళపై తేలతాయి కూడా. ప్లాస్టిక్ బియ్యమని వీధంతా అదే మాట.

అవి ప్లాస్టిక్ కావని నాకు తెలుసు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి గింజలుగా చేసి, 100 కిలోల బియ్యానికి 1 కిలో చొప్పున కలిపినవి. రక్తహీనత ఉన్న మా ఆడపడుచుకు కావలసినవి సరిగ్గా అవే. అత్తయ్య అవే పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

నా భయం వేరు. మా బాబుకు తలసేమియా అనే, పుట్టుకతో వచ్చే రక్త జబ్బు ఉంది. రక్తం ఎక్కిస్తూనే, దానివల్ల ఒంట్లో ఐరన్ పేరుకోకుండా మందులు వాడుతున్నాం. తలసేమియా ఉన్నవారు వైద్యుల పర్యవేక్షణలోనే తినాలని మొదట్లో సంచి మీద ఉండాలనేవారు. 2024లో ఆ హెచ్చరిక అక్కర్లేదని ప్రభుత్వం చెప్పింది. ఎందుకో మాకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు.

ఇలాంటి పిల్లలున్నవారు ఇంట్లో ఏం చేస్తున్నారు? వాళ్ళకు వేరే బియ్యం వండుతున్నారా? మీ డాక్టరు గారు ఏమన్నారు? మా డాక్టరు గారి దగ్గరకు వెళ్ళేలోపు ఏమేం అడగాలో కూడా దయచేసి చెప్పండి.