నెట్ లేని వైఫైని పక్కన పెట్టేసే హక్కు ఫోన్‌కి ఉందా?

చెరువుగట్టు, భీమవరం దగ్గర:
మా రొయ్యల చెరువుకి పెట్టిన డీఓ మీటరుకి (నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పేది) సొంత వైఫై ఉంది, ఇంటర్నెట్ ఉండదు. తెల్లారుజామున నాలుగింటికి, ఆక్సిజన్ పడిపోయే వేళ, గట్టు మీద నిలబడి ఫోన్‌ని దానికి కలిపాను. వైఫై గుర్తు వచ్చింది. యాప్ మాత్రం 'మీటరు దొరకలేదు' అంటుంది. ఒకటే టెన్షన్. మొబైల్ డేటా ఆపగానే 3.2 అని చూపించింది. పరిగెత్తి ఏరియేటర్లు (నీళ్లు చిలికి గాలి కలిపే మోటార్లు) వేశాను. వైఫైకి కలిపింది నేను. కాదని సిమ్ వైపు పోవడానికి ఫోనెవరండీ?

కొబ్బరితోట, అమలాపురం:
ఫోన్‌ని తిట్టకండి. నేను యాప్‌లు రాస్తాను కాబట్టి చెప్తున్నా. యాప్ 'నెట్‌వర్క్ కావాలి' అని అడిగితే వైఫై, సిమ్ రెండిట్లో ఏది తీర్చగలదో ఆండ్రాయిడే చూస్తుంది. 5.0 వెర్షన్ నుంచి ఇదే పద్ధతి. మొదట్లో మార్కులుండేవి: వైఫైకి 60, సిమ్‌కి 50. వైఫైలో ఇంటర్నెట్ లేదని తేలితే 40 కోత, అంటే 20. సిమ్ గెలిచినట్టే. ఆండ్రాయిడ్ 12లో మార్కులు తీసేశారు గానీ, నెట్ లేనిదాన్ని వెనక్కి నెట్టడం మాత్రం పోలేదు.

తప్పు మీ యాప్‌ది. 'ఇంటర్నెట్ అక్కర్లేదు, ఫలానా వైఫై చాలు' అని అడిగి, తన డేటాని దాని మీదే పంపాలి. ఆండ్రాయిడ్ 10 నుంచి ఈ వీలుంది.

లంకలో కుర్రోడు:
నాది ఇంకో గొడవ. ఇంట్లో నెట్ పోతే ఫోన్ చెప్పకుండా సిమ్‌కి మారిపోయి, సినిమా మధ్యలోనే రోజు డేటా మొత్తం తాగేసింది. అడిగి మారాలి కదా!

చెరువుగట్టు:
అదే కదా నేననేది. యాప్ వాళ్లకి ఫోన్ చేస్తే, ఫోన్ మార్చుకోమన్నారు!

కొబ్బరితోట:
మీ విషయంలో అడిగే ఉంటుందండీ. 'ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు, అయినా ఉండాలా?' అని. అవునంటే వైఫైకే పెద్దపీట. కానీ అప్పుడు వాట్సాప్ ఆగిపోతుంది, ఏరియేటర్ వేయమని షెడ్డులో కుర్రాడికి మెసేజ్ పెట్టలేరు. అందుకే యాప్ సరిగ్గా రాయాలంటున్నా.

చెరువుగట్టు:
ఆయ్, ఏదో వచ్చిందండీ. మేత అంటిన చేత్తో పక్కకి తోసేశాను. అయినా నాలుగింటికి అడిగే ప్రశ్నా అది?