పెద్ద రెస్టారెంట్ల తిండి బాగలేకపోతే చుట్టాల ముందటనే అడగాల్నా, గమ్మున బిల్లు కట్టి రావాల్నా?

దేవరకద్ర_పోరడు:
అన్నలూ అక్కలూ, మా ఇంట్ల ఆదివారం సంది ఇదే లొల్లి. మా అక్కకు నల్లగొండ సంబంధం ఖాయమైంది, వియ్యాలోళ్లు వస్తే అమ్మ ఇంట్లనే వండుతనన్నది కాని నాయిన వద్దని మహబూబ్‌నగర్ల కొత్తగ తెరిసిన పెద్ద రెస్టారెంట్‌కు తోల్కపోయిండు. జాగ మాత్రం మస్తుంది, నీళ్ల ఫౌంటెన్, తీగల లైట్లు, ఇత్తడి పళ్లాలు, అత్తమ్మయితే ఫొటోలే ఫొటోలు. తిండి వచ్చినంక చూడాలె... మటన్ బిర్యానీ పైన పొగలు, అడుగున అన్నం సల్లగ, ముక్క ఎంత పీకినా బొక్కను ఇడవదు. పగటి బిర్యానీనే రాత్రి తొమ్మిదిన్నరకు మళ్ల వేడి చేసి తెచ్చిన్రు. చేపలేమో ఫ్రీజర్ వాసన. అక్కకు కాబోయే మామ రెండు ముద్దలు తిని చెయ్యి కడిగిండు. నేను మేనేజర్ను పిలిచి బిర్యానీ వాపస్ తీస్కపోండ్రి, బిల్లుల వెయ్యొద్దు అన్న. బిల్లు చూస్తే తిండికి 6,200, దాని మీద 10 శాతం సర్వీస్ చార్జ్ 620, రెండు కలిపి మళ్ల 5 శాతం జీఎస్టీ, మొత్తం 7,161. సర్వీస్ చార్జ్, 900 బిర్యానీ రెండూ తీపిచ్చి 5,565 కట్టిన. ఇంటికొచ్చినంక నాయిన ఒకటే తిట్టుడు, వియ్యంకుని ముందట ఇజ్జత్ తీసినవ్ అని. అడుగుడే కరెక్ట్ అని నేనంట. మీరేమంటరు?

కోస్గి_పెద్దాయన:
బిడ్డా, నాయిన మాటల తప్పులేదు. నువ్వు వాళ్లను పిలిచి కూసోబెట్టినవ్, ఆ పళ్లెంలది బాగలేదని నువ్వే గట్టిగ అంటే తింటున్న చుట్టానికి ఎట్లుంటది? రేపు పెండ్లిల అన్నాలు ఎట్ల పెడ్తరో అని వాళ్లు అనుకోరా? చెప్పేదుంటే లేసి కౌంటర్ కాడికి పోయి మెల్లగ చెప్పొచ్చు, లేకుంటే తెల్లారి పోయి అడగొచ్చు.

సూర్యాపేట_మాస్టర్:
పెద్దాయనా, తెల్లారి పోతే ఏం ఫాయిదా లేదు. నేను హైవే మీద హోటళ్లల్ల వంట చేసినోన్ని, తెల్లారేసరికి గిన్నె కడిగిపెడ్తరు, నిన్న తిండి మంచిగనే ఉండె సార్ అంటరు, అయిపాయె. అప్పటికప్పుడు పళ్లెం వాపస్ వస్తెనే లోపల కదులుతరు. అసలు సంగతి ఏందంటే మెనూల వంద ఐటెంలు పెడ్తరు, ఉండేది ముగ్గురో నలుగురో వంటోళ్లు, అందుకే పొద్దున్నే ఉల్లిగడ్డ టమాట ఎర్ర గ్రేవీ ఒకటి, కాజు తెల్ల గ్రేవీ ఒకటి చేసి పెట్టుకుంటరు, పన్నీర్ అన్నా చికెన్ అన్నా దాంట్లనే తిప్పుడు. దమ్ పగటీలి ఒక్కసారే పెడ్తరు, మామూలు దినాలల్ల గిరాకీ లేక మిగుల్తది, అదే రాత్రికి వేడైతది. బిల్డింగ్ కిరాయి, ఇంటీరియర్ కిస్తీలు మీద పడ్డప్పుడు ఓనర్లు ముందుగాల కోసేది కిచెన్ ఖర్చే, మాస్టర్ జీతం, మటన్ రకం. ఆర్డర్ ఇచ్చేముందే దమ్ ఎన్నింటికి దించిన్రని అడగుండ్రి, నీళ్లు నమిలితే బిర్యానీ జోలికి పోకుండ్రి. కాని వడ్డించే పిలగాని మీద మాత్రం ఎగరకుండ్రి, ఆ పోరనికి ఏం తెల్వదు.

వనపర్తి_శీను:
నాకైతే ఈ లొల్లే నచ్చలే. రెండు గంటలు ఏసీల కూసున్నరు, ఫొటోలు దిగిన్రు, పెండ్లి మాటలు మాట్లాడుకున్నరు, దానికి పైసలు కావా? మన దిక్కు గసుంటి జాగలు ఎన్నున్నయ్? మంచి చేపలే కావాల్నంటే జూరాల డ్యాం కాడికి పోవాలె. ఇంగ సర్వీస్ చార్జ్ అంటే పొద్దుమాపు నిలబడి పనిచేసే పిలగాండ్లకు వచ్చేది, 6,200 పెట్టినోనికి 620 బరువాయెనా?

మిర్యాలగూడ_లక్ష్మి:
శీను అన్నా, ఆ 620 పిలగాండ్లకే పోతదని ఎవరు చూసిన్రు? పిలగాండ్లకు ఇయ్యాల్నంటే చేతిల పెట్టుండ్రి, నేనట్లనే ఇస్త. 2022 జులైల కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ గైడ్‌లైన్స్ ఇచ్చింది, సర్వీస్ చార్జ్ వాళ్లంతట వాళ్లే బిల్లుల వెయ్యొద్దు, వేరే పేరు పెట్టి కూడ వసూలు చెయ్యొద్దు, దాన్ని బిల్లుల కలిపి జీఎస్టీ వెయ్యొద్దు అని. హోటలోళ్ల సంఘాలు కోర్టుకు పోయినయ్, 2025 మార్చిల ఢిల్లీ హైకోర్టు గైడ్‌లైన్స్ సరైనయే అన్నది. ఇష్టముంటే ఇయ్యాలె, గంతే. తియ్యమంటే తియ్యకపోతే బిల్లు ఫొటో పెట్టుకొని 1915కు ఫోన్ చెయ్యొచ్చు. తమ్ముడు చేసింది బేరం కాదు, లెక్క సరిచేసుడు.

దేవరకద్ర_పోరడు:
శీనన్నా, లైట్లకు పైసలు కావాల్నంటే టేబుల్‌కింత అని మెనూలనే రాయమను, ఇష్టమైతే ఇస్త. నేను 900 ఇచ్చేది బిర్యానీకి, అది బిర్యానీ లెక్క ఉండాలె. జూరాల కట్ట కాడ రేకుల షెడ్డుల కూసొని తింటే కూడ చేప తాజాగుంటది, ఇత్తడి పళ్లెంల పెట్టినోడు అంతకన్న తక్కువ పెడ్తే ఎట్ల ఊకుంట? నాయిన పైసలు అవి, పత్తి అమ్మిన పైసలు.

కోస్గి_పెద్దాయన:
సర్వీస్ చార్జ్ సంగతి లక్ష్మమ్మ మంచిగ చెప్పింది, అది ఒప్పుకుంట. బిర్యానీ సంగతి మాత్రం ఒప్పుకోను. పత్తి పైసలైనా సరే, మేనేజర్ను చుట్టాల టేబుల్ కాడికి పిలవాల్సింది కాదు, నువ్వే లేసి పోవాలె. మీ నాయిన బాధ 900 గురించి కాదు బిడ్డా.