దాళ్వా కోసిన చేలో పెళ్ళి: వైశాఖం గాలివానకు ఏం జాగ్రత్తలు పడాలి?

ప్రశ్న
చెల్లి పెళ్ళి వైశాఖంలో, రాత్రి 11:40కి ముహూర్తం. తణుకు దగ్గర మా ఊళ్ళోనే, దాళ్వా (రబీ వరి) కోసిన చేలో చేయాలని నాన్నగారి కోరిక. 600 మంది భోజనాలు. సాయంత్రం గాలివాన వస్తే ఎలా అని అమ్మ భయం. టెంట్ హౌస్ వాళ్ళు "ఏం కాదండీ" అంటున్నారు తప్ప వివరం చెప్పట్లేదు. వాళ్ళని ఏమేం అడగాలి?

గోదారిగట్టు
అమ్మగారి భయం సబబే. వానకన్నా గాలితోనే ప్రమాదం. గంటకు 60 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు దాదాపు 17 కిలోల బరువుతో తోస్తుంది. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు సైడు గుడ్డ కడితే ఆ ఒక్కదాని మీదే 300 కిలోల పైన పడుతుంది. పందిళ్ళు లేచిపోయేది అందుకే. సైడు గుడ్డలు, ఫ్లెక్సీలు లాగితే ఊడొచ్చే ముడితో కట్టించండి. మబ్బు పట్టగానే విప్పడానికి ఇద్దర్ని ఆ పనికే పెట్టండి.

పైకప్పుకి వాలు ఉండాల్సిందే. చదును గుడ్డ మధ్యలో దిగి నాలుగంగుళాల నీళ్ళు నిలిస్తే చదరపు మీటరుకు 100 కిలోలు. గుంజ విరిగేది అక్కడే.

ఇక మేకులు. ఆ నల్లమట్టి ఎండి నెర్రెలిచ్చి ఉంటుంది. నెర్రె పక్కన కొట్టిన మేకు చేత్తో లాగినా వచ్చేస్తుంది. మూడడుగుల ఇనపమేకు, తల పందిరికి అవతలి వైపు వాలేలా దిగ్గొట్టాలి. మూలల్లో తాళ్ళను నీళ్ళు నింపిన 200 లీటర్ల డ్రమ్ములకు కూడా కట్టించండి. ఇన్ని చేసినా, గాలి గట్టిగా మొదలైతే జనం పందిరి కింద ఉండకూడదు. దగ్గర్లో బడో, కల్యాణ మండపమో ముందే మాట్లాడి తాళంచెవి దగ్గర పెట్టుకోండి.

వైరింగ్ శీను
జనరేటర్ మీద ఆధారపడతారు కాబట్టి లెక్క వేసుకోండి. 100 వాట్ల ఎల్ఈడీ ఫ్లడ్ లైట్లు 40 అంటే 4 కిలోవాట్లు. 200 వాట్ల కూలర్లు 20 అంటే మరో 4. సౌండు, డెకరేషన్, వంటశాల గ్రైండర్లు, నీళ్ళ మోటారు కలిపి 8 వేసుకోండి. మొత్తం 16. 30 కేవీఏ జనరేటర్ 24 కిలోవాట్లు ఇస్తుంది. "20 కేవీఏ చాలు" అంటే ఒప్పుకోవద్దు, అది ఇచ్చేది సరిగ్గా 16. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది.

తడి నేల మీద వైరు జాయింట్ ఉండకూడదు. ఎర్త్ రాడ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైన్ ఆపేసే స్విచ్) లేకుండా లైన్ ఇవ్వనివ్వకండి. అన్నట్టు, రాత్రి 10 దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. మంత్రాలకి మైకు లేకుండానే ఏర్పాటు చేసుకోండి.

వంటశాల
పొయ్యిలు పందిరికి 50 అడుగుల దూరంలో, గాలి వచ్చే వైపు కాకుండా, మూడు పక్కలా రేకులు కట్టి. తాటాకు పందిరైతే దూరం ఇంకా పెంచండి. 600 మందికి బియ్యం 70 కిలోలు సరిపోతాయి. తాగే నీళ్ళు మనిషికి లీటరున్నర చొప్పున 20 లీటర్ల క్యాన్లు 45. చేతులు కడగడానికి, గిన్నెలకి ట్యాంకర్ వేరే. ఆ వేడికి ముందు పాడయ్యేది కొబ్బరి పచ్చడి, తర్వాత పెరుగు. పచ్చడి వడ్డించే ముందే రుబ్బించండి, పెరుగు ఐసు డబ్బాల్లో పెట్టించండి.

వాన వెలిసిందంటే ఉసిళ్ళు కమ్ముకుంటాయి. మండపం మీద తెల్ల లైటు ఉంటే మజ్జిగలో, తలంబ్రాల పళ్ళెంలో, హోమంలో అన్నిట్లో అవే. మండపానికి పసుప్పచ్చ లైట్లు వేసి, కళ్ళు చెదిరే తెల్ల లైటు ఒకటి చేను చివర గుంజకి కట్టించండి. అక్కడికే పోతాయి.

ప్రశ్న అడిగినవారు
చాలా ఉపయోగపడింది అండీ. కార్లు చేలోకి దింపొచ్చా?

గోదారిగట్టు
వద్దండీ. అరగంట వానకే ఆ మట్టిలో చక్రాలు దిగబడతాయి. రోడ్డు పక్కనే ఆపించి, అక్కణ్ణుంచి మండపం దాకా ఆరడుగుల వెడల్పున రాతిపొడి పరిపించండి. పెద్దవాళ్ళు జారి పడేది ఆ దారిలోనే.