పిడుగు శ్లోకంలో 'భీభత్స' ఎందుకు వచ్చింది?

ఉరుము వినగానే మా ఇంట్లో అందరం "అర్జునః ఫల్గుణః పార్థః కిరీటీ శ్వేతవాహనః" అని మొదలుపెడతాం. నిన్న రాత్రి వానలో మా పాప అడిగింది: "అర్జునుడు మంచివాడు కదమ్మా, మరి భీభత్స అంటామేంటి?" నాకు జవాబు తట్టలేదు. తెలిసినవారు చెప్పండి.

— మంచి ప్రశ్న వేసిందండీ మీ పాప. అసలు మాట 'భీభత్స' కాదు, 'బీభత్సు'. మొదటి అక్షరానికి ఒత్తు లేదు, చివర ఉకారం ఉంది. "బీభత్సుర్విజయః కృష్ణః సవ్యసాచీ ధనంజయః" అని రెండో వరుస. పిడుగు భయంలో గబగబా చదివేటప్పుడు ఆ 'సుర్వి' నోట్లోనే ఉండిపోతుంది.

ఆ ఉకారం పోతే అర్థం తలకిందులవుతుంది. బీభత్సం అంటే రోత. బీభత్సువు అంటే రోత పనిని ఏవగించుకునేవాడు. జిజ్ఞాసువు (తెలుసుకోవాలని కోరేవాడు), ముముక్షువు (మోక్షం కోరేవాడు) ఎలా ఏర్పడ్డాయో ఇదీ అలాగే ఏర్పడింది, కాకపోతే ఇందులో కోరిక అనే అర్థం లేదు. విరాటపర్వంలో జమ్మిచెట్టు దగ్గర ఉత్తరకుమారుడికి నమ్మకం కుదరక, నువ్వు అర్జునుడివైతే నీ పది పేర్లూ చెప్పమంటాడు. అప్పుడు అర్జునుడు ఒక్కో పేరుకీ కారణం చెబుతూ ఈ పేరు దగ్గర "న కుర్యాం కర్మ బీభత్సం యుధ్యమానః కథంచన" అంటాడు. యుద్ధం చేస్తూ కూడా ఏ విధంగానూ రోత పని చేయను అని. చేతిలో గాండీవం ఉన్నవాడు ఆ మాట అనడం నాకు ఎప్పుడు చదివినా ఒళ్లు పులకరిస్తుంది. మీ పాపకి ఇదే చెప్పండి.

ఇంకో సంగతి. భారతంలోని ఆ పది పేర్లలో 'పార్థ' లేదు, అక్కడ 'జిష్ణు' ఉంది. మన ఇళ్లలో పార్థ స్థిరపడింది. ఛందస్సు చెడదు, అమ్మమ్మల నోటి మాట, దాన్ని మార్చమని నేను అనను. బీభత్సు మాత్రం దిద్దుకుందాం.

— పిడుగుకీ అర్జునుడికీ సంబంధం ఏంటండీ?

— వజ్రాయుధం ఇంద్రుడిది, అర్జునుడు ఇంద్రుడి కొడుకు. కొడుకు పేర్లు చెప్పుకున్నవాళ్ల జోలికి తండ్రి రాడని మన పెద్దల నమ్మకం. మా తాతయ్య పొలంలో ఉంటే ఉరుము విన్న వెంటనే ఈ శ్లోకం అందుకునేవారు, అందుకుంటూనే మమ్మల్ని చింతచెట్టు కింద నుంచి ఇంట్లోకి తరిమేవారు.

— చాలా థాంక్సండీ. పాప ఇప్పుడు 'సుర్వి' దగ్గర ఆగి మరీ గట్టిగా పలుకుతోంది.