ఈ వారం సమస్య: "మందగమనుఁడయ్యె ముందువాఁడు"

మహేంద్రతనయ, పర్లాకిమిడి
అందరికీ నమస్కారం. ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి.

మందగమనుఁడయ్యె ముందువాఁడు

యతి అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరాలి; ఇక్కడ మంద, ముందు అని రెండో అక్షరం దగ్గర కలిసే ప్రాసయతి ఉంది, వెతుక్కోనక్కర్లేదు. ఒకటే షరతు, తాబేలు కుందేలు కథ వద్దు, పూరణ వారాల పేర్ల చుట్టూ తిరగాలి. మా ఇంట్లో మనవరాలు ఒడియా బడి అలవాటుతో గురుబార్ అంటుంది, నేను లక్ష్మివారం అంటాను, కరీంనగర్ నుంచి వచ్చిన కోడలు బేస్తవారం అంటుంది. ముగ్గురం చెప్పేది ఒకే రోజు. బేస్త అంటే బృహస్పతే, జనం నోట్లో నలిగి అలా మిగిలాడు. ఇక లక్ష్మి సంగతి ఇక్కడ ఉండేవాళ్లకు చెప్పాలా, మార్గశిరంలో మాణబసా గురువారాలకు వీధంతా ఝోటి ముగ్గులే, కొత్త ధాన్యం నింపిన మాణంలో, అంటే కొలపాత్రలో, అమ్మవారే. అటు విశాఖ కనకమహాలక్ష్మికి కూడా అవే గురువారాలు.

హోరాచక్రం, రాయగడ
మాస్టారూ, నా ప్రయత్నం.

నింగిఁ జుట్టి రాఁగ నిండు ముప్పదియేండ్లు
పట్టునయ్య శనికి; పగటి హోర
వరుసఁ గట్టునపుడు వానిదే తొలిపేరు
మందగమనుఁడయ్యె ముందువాఁడు

శనైశ్చరుడంటేనే మెల్లగా నడిచేవాడు. పాతవాళ్లు గ్రహాలను నడక వేగాన్ని బట్టి శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు అని పేర్చారు. హోర అంటే రోజులో 24వ వంతు, హోరకొక గ్రహం చొప్పున ఇస్తూ పోతే శనివారం మొదటి హోర శనిది, 22వది మళ్లీ శనిది, 23 గురుడిది, 24 కుజుడిది, ఆ తర్వాతది, అంటే మర్నాటి మొదటి హోర, రవిది. అందుకే శని తర్వాత ఆదివారం. అక్కణ్ణుంచి అలాగే లెక్కపెడితే సోమవారం.

మహేంద్రతనయ, పర్లాకిమిడి
బాబూ, ఎత్తుగడ నాకు చాలా నచ్చింది, సమస్యకు అసలు తాళం ఇదే. ఆర్యభటుడు తన ఆర్యభటీయంలోని కాలక్రియాపాదంలో ఈ వరుసనే పట్టుకుని, నాలుగో గ్రహం చొప్పున రోజుకు అధిపతి అన్నాడు. కానీ రెండు చోట్ల పట్టు తప్పింది. శనికి సుమారు 29 ఏళ్లన్నర పడుతుంది, కాబట్టి "నిండు ముప్పది" యతి కోసం పెట్టిన మాటే తప్ప నిజం కాదు. రెండోది, "పగటి హోర" అంటే 12 హోరలే అవుతాయి, రాత్రివి కూడా కలిపి 24 లెక్కపెట్టకపోతే మర్నాడు రవి రాడు. ఈ రెండూ మార్చి మళ్లీ పెట్టు.

బరంపురం పిన్ని
రోము నగర జనులు రోజులెంచెడివేళ
శనిని మొదట నిలిపి సాగినారు
ఆదివార మచట నావల వచ్చెను
మందగమనుఁడయ్యె ముందువాఁడు

ఇటలీలోని పాంపే ఊళ్లో గోడ మీద గీసిన "దేవతల రోజుల" జాబితా శనితోనే మొదలవుతుంది. ఆ ఊరు క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పడింది కాబట్టి రాత అంతకు ముందుదే. గ్రహాల్లో దేవతలను చూడటం ఇంకా పాతది, బాబిలోన్‌లో గురు గ్రహం మర్దుక్, శుక్రుడు ఇష్టార్, బుధుడు నబూ, కుజుడు నెర్గల్. మన బృహస్పతి రోజే ఇంగ్లీషులో ఉరుముల దేవుడు థోర్ రోజు, థర్స్‌డే; మన గురుడు పిడుగుల దేవుడు కాకపోయినా రోజు ఒకటే.

హోరాచక్రం, రాయగడ
పిన్నిగారూ, పద్యం హాయిగా నడిచింది. అయితే రోమువాళ్లకు అంతకుముందు 8 రోజుల సంత లెక్క ఉండేది, ఏడు గ్రహాల వారం తర్వాత వచ్చింది, "జనులు" అని ఊరుకుంటే మొదటినుంచీ అంతే అనిపిస్తుంది. మనవైపు చూస్తే మధ్యప్రదేశ్‌లోని ఏరణ్ స్తంభ శాసనంలో, గుప్తరాజు బుధగుప్తుని కాలం, క్రీ.శ. 484, సురగురువు (బృహస్పతి) దినం అని రాసి ఉంది. మళ్లీ గురువారమే!

జయపురం కుర్రాడు
ఆదివారమనుచు నరసవల్లికిఁ దాత
కోడి కూయకుండఁ గోలతోడ
బయలుదేరి చేరె, బస్సు వచ్చిన వేళ
మందగమనుఁడయ్యె ముందువాఁడు

మా తాతగారిది అరసవల్లి పక్క పల్లె. మోకాళ్ల నొప్పులు, అయినా ఆదివారం దర్శనం క్యూలో ఎప్పుడూ ఆయనే ముందు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి
చదువుతుంటే ఆయన కళ్ల ముందు కనిపించారు. గ్రహం పేరెత్తకుండా సూర్యుడి వారం, సూర్యుడి గుడి రెండూ తెచ్చావు. ఒక్కటి గుర్తుంచుకో, ఆదివారం అంటే మొదటి వారం అని చాలామంది అనుకుంటారు, అది ఆదిత్యవారం తగ్గిన రూపం. నీ పద్యంలో అరసవల్లి పక్కన పడేసరికి ఆ మాటకు అసలు అర్థం తిరిగొచ్చింది. లోపం ఒకటుంది, "ముందువాఁడు" ఎక్కడ ముందో పద్యంలో లేదు, క్యూ సంగతి నువ్వు వివరణలో చెబితేనే తెలిసింది.

బరంపురం పిన్ని
ఒక మాట. భువనేశ్వర్ పరశురామేశ్వర గుడి గుమ్మం పై దూలం మీద గ్రహాలు ఎనిమిదే, కేతువు లేడు. కోణార్క రాతి మీద తొమ్మిది. రాహుకేతువులకు మాత్రం వారం దక్కలేదు. దీని మీద ఎవరైనా రాస్తే బాగుండు.

హోరాచక్రం, రాయగడ
మాస్టారూ, దిద్దాను. నింగి ఉంచేస్తే "ఇంచుమించు"తో యతి చెల్లదు, ద్రుతం, అంటే సంధిలో వచ్చే నకారం, మీద పడ్డ అచ్చుకే యతి చూడాలి కదా, అందుకని ఇనుని, అంటే సూర్యుణ్ణి, అన్నాను.

ఇనునిఁ జుట్టి రాఁగ నించుమించుగ ముప్ప
దేండ్లు పట్టు శనికి, దినపు హోర
వరుసఁ గట్టునపుడు వానిదే తొలిపేరు
మందగమనుఁడయ్యె ముందువాఁడు

మహేంద్రతనయ, పర్లాకిమిడి
ఇప్పుడు గట్టిగా ఉంది. దినం అన్నావు కాబట్టి రాత్రి కూడా వచ్చేసింది. కొత్త సమస్య లక్ష్మివారం పెడతాను, పిన్నిగారి రాహుకేతువుల మీదే.